కొలత తొట్టి

ముందురోజంతా మబ్బు పట్టి ఉంది. లుబొంబో కొండల మీద ఎండ పొడ తగల్లేదు, ఆకు కదిలే గాలి లేదు, ఉతికి ఆరేసిన దుప్పటి సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంది. అయినా మంగళవారం పొద్దున లామసెకో వంగి చూసేసరికి తొట్టిలో నీళ్ళు ఏడు మిల్లీమీటర్లు దిగి ఉన్నాయి.

ఆమె నమ్మలేదు. కొలబద్ద చివరి కొక్కేన్ని మళ్ళీ నీళ్ళలో ముంచింది. మర తిప్పుతూ, ఊపిరి బిగబట్టి, కొక్కెం మొన నీటి పొరను కింది నుంచి తాకి చిన్న బుడిపె లేపేదాకా పైకి తెచ్చింది. కన్ను బద్ద దగ్గర పెట్టి చూసింది. ఏడే. మబ్బు రోజున ఏడు దిగిందంటే నిప్పులు చెరిగే ఎండలో ఎంత దిగాలి? కంచె చుట్టూ నడిచింది. తీగ ఎక్కడా తెగలేదు. తొట్టి కింద చెక్కలు పొడిగా ఉన్నాయి, కారడం లేదు.

చెరకుకి దాహం వేస్తే నోరు తెరిచి అడగదు కదా. దాని తరఫున అడిగేది ఈ తొట్టి. మనిషి చేతులు బార్లా చాపినంత వెడల్పున్న గుండ్రటి ఇనుప తొట్టి. ఎండకీ గాలికీ ఇందులో నీళ్ళు ఎంత దిగితే, ఆకులు కమ్ముకున్న చెరకు కూడా దాదాపు అంత తాగినట్టు లెక్క. మొలక చెరకైతే అందులో సగం కూడా చాలు. లామసెకో చెప్పిన అంకెను చెరకు రైతుల సంఘం ఛైర్మన్ మావింబెలా ఫోనులో కాలవ బోర్డుకి చెప్తాడు, బోర్డు ఆ అంకెను బట్టి కాలవ తలుపు ఎత్తుతుంది. కరువు ఏడాది. తొట్టి ఎక్కువ దిగితే చివరి లైనులో స్ప్రింక్లర్లు కూడా తిరుగుతాయి. తక్కువ దిగితే ముందున్న పొలాలతోనే నీళ్ళు సరి. చివరి లైనులోనే లామసెకో వాళ్ళ చెరకు ఉంది.

ఇంకో సంగతి. తొట్టిలో పోసేది బోరు నీళ్ళు. కాలవ నీళ్ళలో ఒండ్రు, నాచు ఉంటాయి, కొలత చెడుతుందని బోర్డు నియమం పెట్టింది. బోరు అడుగంటుతోంది కాబట్టి దాని కొళాయికి తాళం వేశారు. వారానికోసారి తొట్టి నింపడానికి మాత్రం తాళంచెవి లామసెకో చేతికొస్తుంది. అంటే ఆ ఊళ్ళో అందరికంటే మంచి నీళ్ళు దక్కేది ఆ ఇనుప తొట్టికి. మనుషులు కాలవ నీళ్ళు కాచుకుని తాగుతారు. కాచుకునే ఓపిక లేనివాళ్ళు అట్లాగే తాగి కడుపు పట్టుకుని కూర్చుంటారు.

తన కూతురు తెంగీకి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నప్పుడు భర్త భెకీ అడిగాడు కూడా. "తాళంచెవి నీ చేతిలోనే ఉంది కదే. పిల్లకి ఒక్క డబ్బా పట్టుకురా."

"ఇవాళ నేను తెస్తే రేపు ఊరంతా డబ్బాలు పట్టుకొస్తారు, తెంగీ నాన్నా. నన్ను నమ్మే కదా ఈ పని ఇచ్చింది."

"నమ్మకం సరే. పిల్ల మాటేంటి?"

"కాచి ఇస్తున్నానుగా."

భెకీ ఆ తర్వాత రెట్టించలేదు. పంపు దగ్గర కాపలావాడు తనకి తెలిసినవాడనీ, వాడి కొళాయిలో పట్టుకొస్తాననీ అన్నాడు. అప్పటి నుంచి తెల్లవారి పొలంలో స్ప్రింక్లర్ పైపులు మార్చడానికి వెళ్ళి వచ్చేటప్పుడు పసుపు డబ్బాలో నీళ్ళు తెస్తున్నాడు. నర్సు చెప్పినట్టు ఆ నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి పట్టిస్తుంటే తెంగీ తేరుకుంది, మళ్ళీ మొండితనం చేసేంత బలం వచ్చింది. తను నియమం తప్పకుండా పిల్ల బాగుపడినందుకు లామసెకో లోలోపల గర్వపడింది కూడా.

ఆ మంగళవారం మధ్యాహ్నమే బోర్డు నుంచి మత్సెబులా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, బురద అంటని బూట్లు. పక్కన మావింబెలా, చేతిలో టోపీ.

"అవతలి సంఘం తొట్టి నాలుగు దిగింది. మీది ఏడు. మీ ఊరికి వేరే సూర్యుణ్ణి ఏమన్నా పెట్టించుకున్నారా?" అన్నాడు మత్సెబులా.

మావింబెలా పెద్దగా నవ్వాడు. పెద్ద ఉద్యోగులు ఏమన్నా అట్లాగే నవ్వుతాడు. "మా సూర్యుడు కాస్త కష్టపడే రకం సార్."

"కష్టపడేది సూర్యుడో, ఇంకెవరో చూద్దాం." అతను కంచె తలుపు తీసి లోపలికి వెళ్ళాడు, చూపుడు వేలు ముంచి వాసన చూశాడు. తొట్టి గోడ మీద పల్చగా పాకిన పచ్చటి నాచును గోటితో గీరాడు. "పిట్టలు కాదు, పిట్ట ఇంత తాగదు. కుక్కలన్నా ఉండాలి, లేకపోతే రెండు కాళ్ళవన్నా ఉండాలి. అమ్మా, ఎవరైనా ఇక్కడ తచ్చాడుతుంటారా?"

లామసెకో చూపు కంచె అవతలికి వెళ్ళింది. అక్కడ చెరకు మధ్య దీవిలా మిగిలిపోయిన చిన్న చెలక, అందులో గడ్డి కప్పిన గుడిసె. త్సెలా అవ్వది. భూములన్నీ కలిపి చెరకు వేద్దామన్నప్పుడు ఊరంతా వేలిముద్ర వేస్తే ఆ ముసలామె ఒక్కతే కాళ్ళు చాపుకుని కూర్చుని, నేను మొక్కజొన్న తింటాను, చక్కెర తిని బతకలేను అంది. ఇప్పుడు ఆమె గడప ముందు నీడలో కూర్చుని రోజంతా తొట్టినే చూస్తుంటుంది. ఒకసారి లామసెకో కళ్ళారా చూసింది, రేకు మగ్గు పట్టుకుని కంచె పక్కన నిలబడి ఉండడం.

ఆ చూపును ఇద్దరూ పట్టుకున్నారు. మావింబెలా టోపీ పెట్టుకున్నాడు.

"వారం చూస్తాను. ఇట్లాగే ఉంటే మీ తొట్టి లెక్క కొట్టేసి, పాత ఏళ్ళ సగటు మీద నీళ్ళు వదులుతాం. అది మీకు గిట్టదు," అన్నాడు మత్సెబులా.

గిట్టదన్నది చిన్నమాట. ఆ సగటు మీద నీళ్ళు వదిలితే చివరి లైను ఎండిపోతుంది. లామసెకోకి అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

కోడలు అత్త వయసు మనిషిని ముఖం మీదే నిలదీయకూడదు. ఆ ఊళ్ళో అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మాట చెప్పాలంటే కోడికో కుక్కకో చెప్తారు, వినాల్సినవాళ్ళు వింటారు. బుధవారం పొద్దున కొలత చూశాక (మళ్ళీ ఏడే) లామసెకో కంచె పక్కన నిలబడింది. అవ్వ కుక్క బక్కది, చెవి కొరికించుకున్నది, తోక ఊపుతూ దగ్గరికి వచ్చింది.

"ఏమే కుక్కా," అంది గట్టిగా, గుడిసె వైపు చూడకుండా. "ఆ తొట్టి తాగడానికి పెట్టింది కాదే. నువ్వు ఒక్క గుక్క తాగావంటే ఊరి చెరకంతా ఎండుతుంది. నీకు దాహమైతే ఇంటికొచ్చి అడుగు, ఏదో ఒకటి పోస్తాను. దొంగతనం మాత్రం చెయ్యకు."

గుడిసె ముందు అవ్వ పొగాకు నలుపుకుంటోంది. చెయ్యి ఆగింది. కాసేపటికి ఆమె కూడా కుక్కనే పిలిచింది.

"ఒసే కుక్కా, ఇట్లా రా. ఆ కోడలికి చెప్పు. పళ్ళు ఊడాయి గానీ నాకు కళ్ళు ఊడలేదని చెప్పు. నేను చూసింది చెప్తే ఆమె చెవులు మూసుకుంటుందని కూడా చెప్పు."

"చెప్పమను, కుక్కా. మూసుకోను."

అవ్వ పొగాకు పెదవి కింద పెట్టుకుంది, ముఖం అటు తిప్పుకుంది. లామసెకోకి ఒళ్ళు మండింది. తప్పు చేసి కూడా ఎంత పొగరు అనుకుంది. ఇంటికెళ్ళేదాకా అదే మాట లోపల నమిలింది. దారి పొడుగునా రెండు పక్కలా మనిషిని మించి పెరిగిన చెరకు. గాలి లేకపోయినా లోపల ఎక్కడో ఎండాకు కరకరలాడుతోంది. ఎవరో పక్కనే నడుస్తున్నట్టు అనిపించి రెండుసార్లు ఆగింది. ఎలుకలై ఉంటాయి.

శుక్రవారం పొద్దు వాలుతుండగా మావింబెలా తొట్టి దగ్గరికి రమ్మని కబురు పంపాడు. ఆమె వెళ్ళేసరికి కాగితం పొట్లం విప్పి పట్టుకుని ఉన్నాడు. లోపల నీలం రంగు పలుకులు, పటిక బెల్లంలా.

"మైలుతుత్తం. నాచు పోవడానికి బోర్డువాళ్ళే వాడమంటారు," అన్నాడు.

"చిటికెడు వాడమంటారు, బాబాయ్. ఇది గుప్పెడుంది."

"నాచుకి చిటికెడు. దొంగకి గుప్పెడు." నవ్వాడు. ఆ నవ్వు మత్సెబులా ముందు నవ్విన నవ్వు కాదు. "భయపడకు, ఎవరూ చావరు. వాంతులవుతాయి. రేపు పొద్దున ఎవరి గడపలో వాంతి ఉంటుందో వాళ్ళే మన దొంగ. అప్పుడు మత్సెబులా ముందు నిలబెడదాం, మన తొట్టి మీద పడ్డ మాట తొలగిపోతుంది."

"ముందు ఊళ్ళో ఒక మాట చెప్పేస్తే? తొట్టిలో మందు కలిపామని."

"చెప్తే తాగడం మానేస్తారు. దొంగ దొరకడు. దొంగ దొరక్కపోతే మన లెక్క తప్పని తేలుతుంది. నీ చెరకు చివరి లైనులోనే కదా ఉంది? ఇంట్లో కూడా అనకు. భెకీకి నోట్లో మాట దాగదు."

లామసెకో పొట్లం వైపు చూసింది. త్సెలా అవ్వ ముడతల మెడ గుర్తొచ్చింది. ముసలి ప్రాణం, వాంతులు తట్టుకుంటుందా? ఆ వెంటనే ఆ ముఖం తిప్పుకోవడం గుర్తొచ్చింది. చెరకు గుర్తొచ్చింది. తెంగీని మళ్ళీ బడికి పంపాలంటే ఈ కోత ఇంటికి రావాలి. న్యాయం తన పక్కనే ఉందని ఆమెకు నిజంగానే అనిపించింది. మనిషికి అట్లా అనిపించినప్పుడే చెయ్యరాని పనులు చేతికి తేలిగ్గా ఉంటాయి.

పలుకుల్ని మగ్గు నీళ్ళలో వేసి కర్రతో కలిపింది. కరగడానికి చాలాసేపు పట్టింది. తొట్టిలో వంచితే నీలం పొగలా పాకి, విరిగి, మాయమైంది. అంత నీటిలో రంగు కనపడీ కనపడనట్టుంది. మావింబెలా తృప్తిగా తల ఊపాడు. గుడిసె ముందు అవ్వ లేదు, లోపల పొయ్యి వెలుగు మాత్రం ఉంది. కుక్క కంచె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె సంకటి వండి పెట్టింది. భెకీ హుషారుగా ఉన్నాడు. చివరి లైనులో చెరకు కొత్త ఆకు వేసిందన్నాడు, ఇట్లాగే నీళ్ళొస్తే మిల్లుకి మనదే మంచి చెరకు అన్నాడు. ఆమె "ఊఁ" అంది. నోటి చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. అడిగితే చెప్పేసేదేమో. అతను అడగలేదు.

శనివారం తెల్లవారి భెకీ ఎప్పట్లాగే పైపుల దగ్గరికి వెళ్ళాడు. లామసెకో పొయ్యి అంటించి, పడుకున్న తెంగీకి దుప్పటి సర్ది, కొలత వేళ ఇంకా కాకపోయినా ముందుగానే బయల్దేరింది. ఆమె కాళ్ళు తొట్టి వైపు వెళ్ళలేదు. చుట్టుదారిన గుడిసె వైపు వెళ్ళాయి.

గుడిసె తలుపు మూసి ఉంది. పొయ్యి పొగ లేదు. ఈ వేళకి అవ్వ ముంగిలి ఊడ్చి, కుక్కను తిట్టి, నీడలో చేరి ఉండాలి. లామసెకో గడప ముందు నేలంతా వెతికింది. వాంతి లేదు. లేకపోవడం చూసి ఇంకా భయం వేసింది, లోపలే పడిపోయి ఉంటే?

"అవ్వా!" పద్ధతీ గిద్ధతీ మర్చిపోయి పేరు పెట్టి పిలిచినంత పని చేసింది. "అవ్వా! తలుపు తియ్యి!"

చప్పుడు లేదు. తలుపు తోసింది. చాప ఖాళీ. దుప్పటి మడిచి ఉంది. మూల కుండ మీద మూకుడు. ఆమె మూలమూలా చూస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"నా ఇంట్లో ఏం పోగొట్టుకున్నావు, కోడలా?"

అవ్వ పాలపిడత చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. పక్క పల్లెలో చెల్లెలి ఇంటి నుంచి వస్తోంది, పొద్దున్నే పాలకి వెళ్ళింది. లామసెకో గడప దాటి ఆమె ఎదుటికి వచ్చింది. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది.

"తాగలేదా? తొట్టిలో నీళ్ళు ఇవాళ తాగలేదా నువ్వు?"

"ఇవాళ ఏంటి, ఏ రోజూ తాగలేదు. ఆ నీళ్ళు చెరకు కోసం పెట్టినవి, నా గొంతులోకి ఎందుకు?" అవ్వ పిడత దించింది. అప్పుడు కోడలి ముఖం చూసింది, గొంతు మారింది. "ఏం కలిపావు అందులో?"

లామసెకో చెప్పింది.

అవ్వ ఆమె భుజం పట్టుకుంది. "మరి తాగేది ఎవరో నీకు నిజంగానే తెలియదా? నేను నీకు చెప్పకపోవడం నీ సంసారం కోసం. రోజూ తెల్లవారి పైపులు భుజాన వేసుకుని వచ్చేవాడు, కంచె తీసి, పసుపు డబ్బా ముంచి..."

మిగతాది లామసెకో వినలేదు.

ఇంటి దారి చెరకు మధ్య నుంచి. ఆకులు మోచేతుల్ని కోశాయి. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. ఊపిరి అందక ఆగినప్పుడల్లా చుట్టూ ఆ పచ్చటి గోడ, పొద్దుటి నీళ్ళు తాగి చల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ఆమె దాన్ని పళ్ళు కొరుక్కుంటూ తిట్టింది.

వాకిట్లో పసుపు డబ్బా ఉంది. సగం ఖాళీ. పసుపు డబ్బాలో ఏ నీళ్ళకి ఏ రంగుందో ఎవరు చూస్తారు? పక్కనే తెల్ల పూత పూసిన రేకు మగ్గు, అడుగున మిగిలిన కాసిని నీళ్ళు. ఆ తెలుపు మీద అవి లేత నీలంగా ఉన్నాయి. చుట్టూ పంచదార పలుకులు.

లోపల భెకీ పిల్లను ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు నిమురుతున్నాడు. నేలంతా వాంతి. తెంగీ పెదవులు పాలిపోయాయి.

"చేదుగా ఉందని అంది," అన్నాడు భెకీ, బిత్తరపోయి. "ఇంకో చెంచా పంచదార వేసి తాగించాను. మంచి నీళ్ళే కదా, ఎందుకిట్లా..."

"ఎక్కడివి ఆ నీళ్ళు?"

అతను తల వంచుకున్నాడు. "నువ్వు కొళాయి తియ్యనన్నావు. పిల్ల కోసమే మొదలుపెట్టాను. తర్వాత చూస్తే చివరి లైనుకి నీళ్ళొస్తున్నాయి. ఆపలేకపోయాను, లామసెకో. నీకు చెప్తే మాన్పిస్తావని..."

"అందులో నేనే మందు కలిపాను," అంది ఆమె.

భెకీ ఆమె ముఖంలోకి చూశాడు. కోపం వస్తే బాగుండేది, రాలేదు. అతను పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, ట్రాక్టర్ తెస్తానని పరిగెత్తాడు.

క్లినిక్‌కి ఫోను చేస్తే నర్సు కసిరింది. పాలు పట్టించు, ఎంత తాగితే అంత, వెంటనే తీసుకురా, వాంతిలో నెత్తురు కనిపిస్తుందేమో చూస్తుండు అంది. ఇంట్లో పాలు ఎక్కడివి? లామసెకో పిల్లను భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి దారి మలుపులో అవ్వ కనిపించింది. చేతికర్ర కూడా లేకుండా, చీలమండల దాకా దుమ్ముతో, పాలపిడత రెండు చేతులా పట్టుకుని పడుతూ లేస్తూ వస్తోంది. వెనక కుక్క.

అవ్వ అరుగు మీద కూర్చుని పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది, వేలితో పెదవి తెరిచి చెంచా చెంచా పోసింది. మొదటి రెండు చెంచాలు బయటికి వచ్చాయి. మూడోది లోపల నిలిచింది. "మింగు తల్లీ, మింగు. నీ మొండితనం ఇప్పుడు చూపించు," అంటూనే ఉంది. లామసెకో పిల్ల గోళ్ళు చూసింది, కళ్ళు చూసింది, వాంతి చూసింది. నెత్తురు లేదు. చూసిన ప్రతిసారీ మళ్ళీ చూడాలనిపించింది.

ఏదో అనాలి. ఆ ముసలి ముఖంలోకి చూసి అనడానికి నోరు రాలేదు. పద్ధతి అడ్డొచ్చింది, అంతకంటే సిగ్గు అడ్డొచ్చింది. ఆమె అరుగు పక్కన చతికిలబడిన కుక్క వైపు తిరిగింది.

"కుక్కా," అంది. "ఆ రోజు నిన్ను దొంగవన్నాను. నిన్న నీకోసమే ఆ తొట్టిలో మందు కలిపాను. వాంతి చేసుకుంటావనీ, అందరిలో నిలబెడదామనీ కలిపాను. ఒకవేళ చచ్చిపోతే ఎట్లా అని కూడా అనుకున్నాను. అనుకునే కలిపాను."

కుక్క చెవి గోక్కుంది. అవ్వ చెంచా ఆగలేదు.

"కుక్కా," అంది అవ్వ కాసేపటికి. "ఆమెకు చెప్పు. ఏడుపు తర్వాత ఏడవమను. ఆ తొట్టి ఇంకా నిండుగానే ఉందని చెప్పు. ఎండెక్కితే పిట్టలొస్తాయి. గొడ్ల వెంట పిల్లలొస్తారు."

ట్రాక్టర్ వచ్చింది. అవ్వ పిల్లను చేతుల్లోంచి వదలకుండానే వెనక ట్రక్కులోకి ఎక్కింది, ఎవరూ దిగమనలేదు. క్లినిక్ దారి తొట్టి పక్క నుంచే పోతుంది. అక్కడ మావింబెలా కంచె తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు, చెవి దగ్గర ఫోను. బోర్డువాళ్ళు అవతల ఎదురుచూస్తున్నారు.

"ఎక్కడికి పోయావు? వేళ దాటిపోతోంది. ఇవాళ ఎంత దిగిందో చూసి చెప్పు," అని అరిచాడు. తర్వాత ట్రక్కులో అవ్వను చూశాడు. "ఓహో, దొరికిందా?"

లామసెకో ట్రాక్టర్ ఆపమంది. దూకి, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ, మావింబెలాను తప్పించుకుని లోపలికి వెళ్ళింది. తొట్టి అడుగున పక్కగా ఇనుప బిరడా ఉంటుంది, కడిగేటప్పుడు తప్ప తియ్యరు. రెండు చేతులతో తిప్పింది. కదల్లేదు. కొలబద్దను పీకి దాంతో కొట్టింది, మళ్ళీ తిప్పింది. బద్ద వంగిపోయింది. బిరడా ఊడి వచ్చి నీళ్ళు ఆమె మోకాళ్ళ మీద పడ్డాయి.

"పిచ్చి పట్టిందా నీకు? తొట్టి లేకపోతే వాళ్ళు సగటు లెక్క వేస్తారు! చివరి లైను ఎండుతుంది, నీదే ముందు ఎండుతుంది!" మావింబెలా ఫోనును అరచేత్తో మూశాడు. "ఎంతని చెప్పను వీళ్ళకి? ఏదో ఒక అంకె చెప్పు!"

ఆమె ట్రక్కు దగ్గరికి వెళ్ళి చక్రం మీద కాలు వేసింది. తెంగీ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. అవ్వ చెంచా ఇంకా పెదవుల దగ్గరే ఉంది.

"నా పిల్ల బతకనీ. అప్పుడొచ్చి చెప్తాను, ఎంత దిగిందో, ఎట్లా దిగిందో, అన్నీ. నువ్వు ఇచ్చింది కూడా చెప్తాను," అంది. "పోనీ, తెంగీ నాన్నా. తొందరగా పోనీ."

ట్రాక్టర్ కదిలింది. వెనక కంచె కింద నుంచి నీళ్ళు సన్నటి పాయగా జారి, దుమ్ములో దారి వెతుక్కుంటూ, చెరకు వైపు పారుతున్నాయి.